తొలకరి పచ్చగడ్డి పెట్టేముందు గుర్రం కడుపు గురించి ఇవి చూసుకోండి

వానలు మొదలయ్యాయి, మేత మారుతుంది. ప్రోబయోటిక్ (మేత అరగడానికి సాయపడే మంచి సూక్ష్మజీవులుండే పొడి) డబ్బా కొనేసి ధీమాగా ఉండకండి.

- కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ డొక్క వైపు చూసుకుంటూ, లద్దె వేయకుండా ఉంటే అది కడుపు శూల. పొడి వేసి తెల్లారేదాకా చూద్దాంలే అనుకోవద్దు, మేత తీసేసి వెంటనే డాక్టర్‌ని పిలవండి. గుర్రం వాంతి చేసుకోలేదు, పొట్ట ఉబ్బి పగిలిందంటే ఇక దక్కదు.

- పచ్చగడ్డి 7 నుంచి 10 రోజుల మీద కొంచెం కొంచెంగా పెంచండి. పీచును అరిగించే సూక్ష్మజీవులు పెద్దపేగులో ఉంటాయి, కొత్త మేతకు అలవాటుపడటానికి వాటికి టైం కావాలి. ప్రోబయోటిక్ కూడా ఈ మార్పుకు కొన్ని రోజుల ముందే మొదలుపెట్టాలి.

- పొగలు కక్కే ఉలవ గుగ్గిళ్లలో పొడి కలపొద్దు, వేడికి అందులోని ఈస్ట్ అనే సూక్ష్మజీవి చచ్చిపోతుంది. గుగ్గిళ్లలో చేయి పెట్టి చూడండి, పూర్తిగా చల్లారాకే కలపండి.

- ఎక్స్‌పైరీ తేదీ చూడండి, డబ్బా ఎండ తగలని చోట పెట్టండి.

- యాంటీబయాటిక్ వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి. అది ప్రోబయోటిక్‌లోని బ్యాక్టీరియానీ చంపేయొచ్చు.

- పచ్చగడ్డి వచ్చింది కదా అని ఎండుగడ్డి ఒక్కసారిగా మానేయొద్దు. పీచు లేకపోతే ఏ పొడీ పనిచేయదు.