కుజ శనుల పరస్పర దృష్టి: ఎలా చూడాలి, ఎలా చెప్పాలి

హనుమకొండలో మా ఇంటికి పిల్లల జాతకాలు పట్టుకుని వచ్చే తల్లుల్లో చాలామంది అప్పటికే ఎక్కడో భయపడి వస్తారు. కుజుడూ శనీ ఒకరినొకరు చూసుకుంటున్నారట, పిల్లవాడు మొండివాడవుతాడట, అంటారు. జాతకం చదవడం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు ఈ ఒక్క దృష్టి గురించైనా స్పష్టంగా చెప్పాలని, మా నాన్న దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి రాస్తున్నాను.

ముందు లెక్క సరిచూసుకోండి. గ్రహం ఉన్న రాశినే ఒకటిగా పట్టుకుని ఎంచాలి. ప్రతి గ్రహం ఏడో రాశిని చూస్తుంది. కుజుడు అదనంగా 4, 8 రాశులను, శని 3, 10 రాశులను చూస్తారు. ఎదురెదురుగా ఉంటే పరస్పర దృష్టి అని అందరికీ తెలుసు. కుజుడికి నాలుగింట శని ఉన్నా అంతే. మేషంలో కుజుడు, కర్కాటకంలో శని ఉంటే, కుజుడి నాలుగో చూపు శని మీద, శని పదో చూపు కుజుడి మీద పడతాయి. ఇద్దరి చోట్లూ తారుమారు చేసి చూడండి, ఎవరి చూపూ ఎవరి మీదా పడదు. మధ్య దూరం అదే అయినా దృష్టే లేదు. ఇది చూసుకోకుండా భయపెట్టినవాళ్లను నేను చాలామందిని చూశాను.

2005 ఆగస్టు నుంచి 2006 జనవరి దాకా ఆకాశంలో ఉన్నది సరిగ్గా ఆ మేషంలో కుజుడు, కర్కాటకంలో శని అమరికే. మామూలుగా ఒక రాశిలో నెలన్నర ఉండే కుజుడు ఆ ఏడు వక్రించి, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపించి, మేషంలోనే ఆరు నెలలు దాటి నిలిచాడు. అప్పుడు పుట్టిన పిల్లలందరికీ ఈ దృష్టి ఉంది. వాళ్లందరిదీ ఒకే స్వభావమా? కాదు. అందుకే లగ్నం, అంటే పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి, తేలేదాకా నోరు విప్పకూడదు.

కిందటి చలికాలం పరకాల వైపు నుంచి ఒకామె కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. నాలుగు మడతల చీటీ, మడత దగ్గర సిరా చెదిరిపోయింది. 2005 దసరా రోజుల్లో పుట్టాడు. సమయం 1.30 అని ఉంది, పగలో రాత్రో రాయలేదు. ఎవరో పగలని పట్టుకుని మకర లగ్నం వేశారు. లగ్నం నుంచి ఎంచితే ఇంటిని చెప్పే నాలుగింట కుజుడు, పెళ్లిని చెప్పే ఏడింట శని. కుజదోషమన్నారు, ఇంట్లో శాంతి ఉండదన్నారు, పెళ్లి కష్టమన్నారు.

“నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయమ్మా?” అని అడిగాను. కొంగు చివర మడతపెడుతున్న వేళ్లు ఆగాయి. “సద్దుల బతుకమ్మను చెరువులో వదిలి ఇంటికొచ్చాక. ఆ రాత్రే పుట్టాడు” అంది. రాత్రి ఒంటిగంటన్నరకు కర్కాటక లగ్నం. శని లగ్నంలోకి వచ్చాడు, కుజుడు వృత్తిని చెప్పే పదింట స్వక్షేత్రంలో, అంటే తన సొంత రాశిలో, దిగ్బలంతో, అంటే ఆ దిక్కు ఇచ్చే బలంతో నిలబడ్డాడు. పైగా కర్కాటకానికి కుజుడే యోగకారకుడు, అంటే మేలు చేసే గ్రహం. దృష్టి పోలేదు, అది పనిచేసే చోటు ఇంటి నుంచి వృత్తికి మారింది.

లగ్నం తేలాక బలం చూడండి. కుజుడికి శని సముడే, అంటే మిత్రుడూ కాదు శత్రువూ కాదు; శనికి మాత్రం కుజుడు శత్రువు. నిప్పుకు కుజుడు, ఇనుముకు శని కారకులు కనుక ఈ జాతకుణ్ణి మా నాన్న కొలిమితో పోల్చేవారు. కోపం తొందరగా వేడెక్కుతుంది, కానీ మాటగా బయటికి రాదు. పని మొదలుపెడతాడు, తప్పు జరుగుతుందేమోనని ఆపేస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు. పట్టుకున్నాక వదలడు.

ఈ లక్షణాలు మీరు ముందే చెప్పకండి, జాతకుణ్ణే అడగండి. తల్లిదండ్రుల్ని అడిగితే ఫిర్యాదు వస్తుంది. “కోపం వస్తే ఏం చేస్తావు నాయనా?” అని ఆ అబ్బాయిని అడిగాను. తల్లి చెప్పబోతే చేయి అడ్డుపెట్టాను. చాలాసేపు చీటీ వైపు చూసి, “మాట్లాడను” అన్నాడు. కాసేపాగి, “పోయినసారి పత్తికి మందు కొట్టే పంపు విప్పి బాగుచేశాను” అన్నాడు. లగ్నంలో శని మాటను ఆపాడు, పదింట కుజుడు కోపాన్ని చేతుల్లోకి దించాడు. అంత స్పష్టంగా ఏ గ్రంథమూ నాకు చెప్పలేదు.

దశలు, అంటే ఒక్కో గ్రహం వంతుగా ఏలే కాలాలు కూడా చూడండి. పెద్ద వంతు మహర్దశ, అందులోని చిన్న వంతు అంతర్దశ. కుజ మహర్దశలో శని అంతర్దశ, శని మహర్దశలో కుజ అంతర్దశ, రెండూ ఒకే కొలత: 1 సంవత్సరం 1 నెల 9 రోజులు. ఈ దృష్టి గట్టిగా తెలిసేది అప్పుడే. ఆ తేదీలు కాగితం మీద రాసివ్వండి. ఆ రోజుల్లో కోపంలో ఉద్యోగం వదలొద్దని, అన్నదమ్ములతో పొలం పంపకాల మాట ఎత్తొద్దని చెప్పండి.

పరిహారం అడిగితే వేల రూపాయల హోమం చెప్పకండి. కుజుడికీ శనికీ ఆంజనేయుణ్ణే కొలుస్తారు కనుక, ఓపిక ఉంటే కొండగట్టు మెట్లు నడిచి ఎక్కమంటాను. ఒంట్లో వేడికి అంత నడక అవసరం.

ఆ తల్లికి కొత్త చీటీ రాసిచ్చాను. 1.30 పక్కన ‘రాత్రి’ అని పెద్ద అక్షరాలతో రాశాను.