మాంచెస్టర్, ఎడిన్‌బరోల ఖర్చును పోల్చి చూసే పద్ధతి

రెండు నగరాల్లోనూ ఉద్యోగావకాశం ఉన్నవారు సాధారణంగా ముందు అద్దెలు వెతుకుతారు. నిజానికి ముందు చూడవలసింది జీతం. మాంచెస్టర్ ఇంగ్లాండ్‌లో, ఎడిన్‌బరో స్కాట్లాండ్‌లో ఉన్నందున రెండు చోట్లా ఆదాయపు పన్ను రేట్లే వేరు. 2025-26 రేట్ల ప్రకారం ఏడాదికి 50,000 పౌండ్ల జీతం మీద మాంచెస్టర్‌లో సుమారు 7,490, ఎడిన్‌బరోలో సుమారు 9,010 పౌండ్ల పన్ను పడుతుంది. స్కాట్లాండ్‌లో 43,662 పౌండ్లు దాటగానే 42 శాతం రేటు మొదలవుతుంది. ఇంగ్లాండ్‌లో 40 శాతం రేటు 50,270 దాటాకే వస్తుంది. కాబట్టి నెలకు 127 పౌండ్ల తేడాను ముందే కాగితం మీద రాసుకోండి.

అద్దెను వారానికి చెబితే నాలుగుతో గుణించకండి. 52తో గుణించి 12తో భాగించండి. వారానికి 250 అంటే నెలకు వెయ్యి కాదు, 1,083 పౌండ్లు. అడ్వాన్సు విషయంలోనూ తేడా ఉంది: ఇంగ్లాండ్‌లో సాధారణంగా ఐదు వారాల అద్దెకు మించి, స్కాట్లాండ్‌లో రెండు నెలల అద్దెకు మించి తీసుకోకూడదు. ఎడిన్‌బరోలో ఆగస్టు ఉత్సవాల నాటి తాత్కాలిక అద్దెలను లెక్కలోకి తీసుకోకపోవడం మంచిది.

ఎక్కువమంది పొరబడేది కౌన్సిల్ ట్యాక్స్ దగ్గర, అంటే ఇంట్లో ఉండేవారు స్థానిక పాలక సంస్థకు కట్టే ఇంటి పన్ను దగ్గర. ఎడిన్‌బరో బిల్లులో నీటి, మురుగునీటి ఛార్జీలు కలిసే వస్తాయి. మాంచెస్టర్‌లో నీటి బిల్లు విడిగా వస్తుంది. అందువల్ల రెండు కౌన్సిల్ బిల్లులను పక్కపక్కన పెట్టి చూసేముందు మాంచెస్టర్ లెక్కకు నీటి ఖర్చు కలపాలి.

ఎడిన్‌బరో వైపు మొగ్గేవీ ఉన్నాయి. స్కాట్లాండ్‌లో డాక్టర్ రాసిన మందులు 2011 నుంచి ఉచితం. ఇంగ్లాండ్‌లో 2025-26లో మినహాయింపు లేని వయోజనులకు ఒక్కో మందుకు 9.90 పౌండ్లు. 22 ఏళ్లలోపు పిల్లలకు కార్డు తీసుకుంటే స్కాట్లాండ్‌లో బస్సు ప్రయాణం ఉచితం కనుక, బడికి బస్సెక్కే పిల్లలున్న ఇంటికి ఇది చిన్న లాభం కాదు.

జీవన నాణ్యతను అంకెల్లో పెట్టడం కష్టమే అయినా, ఇంటి వెచ్చదనాన్ని మాత్రం పెట్టవచ్చు. ఎడిన్‌బరోలోని పాత రాతి ఫ్లాట్లు ఎత్తైన పైకప్పులతో చూడముచ్చటగా ఉంటాయి. జనవరి గ్యాస్ బిల్లు వచ్చాక ఆ ముచ్చట కొంత తగ్గుతుంది. ఏ నగరంలోనైనా A (అత్యుత్తమం) నుంచి G వరకు ఉండే ఇంటి ఇంధన రేటింగు అడిగి తెలుసుకుని, కిటికీ అంచున చెయ్యి పెట్టి చలిగాలి తగులుతుందో లేదో చూసిన తర్వాతే అడ్వాన్సు కట్టండి.