పెన్‌డ్రైవ్‌తో ఓర్వకల్లు బయల్దేరే ముందు

కర్నూలు ఆఫీసులో గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) ఉన్న కోడ్‌ను ఓర్వకల్లులో బయటి నెట్ లేని ప్లాంటుకు తీసుకెళ్లేవాళ్లు ఇవి చూసుకోండి.

• ఫోల్డర్ కాపీ కొట్టకండి, గిట్ బండిల్ (కోడ్‌ను చరిత్రతో సహా ఒకే ఫైల్‌గా కట్టడం) చేయండి.

• అసలు సంగతి ఇది: అక్కడికి చివరగా చేరిన కమిట్ (గిట్‌లో భద్రపరిచిన ఒక్కో మార్పు) ఏదో ఖాయం చేసుకోండి. కొత్త మార్పులు మాత్రమే ఉన్న బండిల్, దానికి ఆధారమైన పాత కమిట్ అక్కడ లేకపోతే పనిచేయదు. మళ్లీ కర్నూలు బస్సెక్కాల్సిందే! అనుమానముంటే కాస్త వెనకనుంచే తీసుకోండి, ఒకే కమిట్ రెండుసార్లు వెళ్లినా గిట్‌కు ఇబ్బంది లేదు. పంపిన ప్రతిసారీ చివరి కమిట్‌కు ట్యాగ్ (గుర్తు పేరు) పెట్టుకుంటే ఈ టెన్షనే ఉండదు.

• సబ్‌మాడ్యూళ్లు (లోపల జోడించిన వేరే గిట్ ప్రాజెక్టులు), ఎల్ఎఫ్ఎస్ ఫైళ్లు (గిట్ విడిగా దాచే పెద్ద ఫైళ్లు) బండిల్‌లో రావు. విడిగా తీసుకోండి.

• ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు.

• బండిల్ షా256 విలువ (ఫైల్ మారిందో లేదో పట్టించే కోడ్) కాగితం మీద రాసుకోండి. అక్కడ ముందు అది సరిచూసి, గిట్‌తో బండిల్‌ను వెరిఫై చేసి, తర్వాతే ఫెచ్ (అక్కడి గిట్‌లోకి తెచ్చుకోవడం).