కార్బురేటర్ బండి రిచ్‌గా నడుస్తుంటే కారణం పట్టుకునే పద్ధతి

బండి పెట్రోలు ఎక్కువ తాగుతోందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, చాలాచోట్ల మొదట జరిగేది ట్యూనింగ్ స్క్రూను అటూ ఇటూ తిప్పడమే. నిజానికి అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని. పెట్రోలు పూర్తిగా కాలాలంటే బరువులో ఒక పాలుకు సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ రెంటినీ కలిపి ఇంజనుకు పంపేది కార్బురేటర్. పెట్రోలు పాలు ఎక్కువైతే ఆ మిశ్రమాన్ని రిచ్ అంటారు, తక్కువైతే లీన్. ఆ లెక్క ఎక్కడ తప్పిందో చూడకుండా స్క్రూ తిప్పితే అసలు లోపం అలాగే ఉండిపోతుంది, సరిగ్గా ఉన్న సెట్టింగు కూడా చెడుతుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లు దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి గనుక, ఇక్కడ చెప్పేదంతా అంతకు ముందటి బళ్ల గురించే.

ముందుగా బండి నిజంగా రిచ్‌గానే ఉందా అన్నది తేల్చుకోవాలి. సైలెన్సర్ నుంచి నల్లటి పొగ, పచ్చి పెట్రోలు వాసన, యాక్సిలరేటర్ తిప్పగానే ఇంజను ఊపిరాడనట్టు బరువెక్కడం దీని లక్షణాలు. పొగ నీలంగా ఉంటే కాలుతున్నది ఇంజన్ ఆయిల్, దానికి వైద్యం వేరు. అన్నిటికంటే నమ్మదగిన గుర్తు మరొకటి ఉంది: రిచ్‌గా ఉన్న బండి చలి ఉదయాల్లో కూడా చోక్ (చల్లని ఇంజను స్టార్టవడానికి పెట్రోలు పాలు పెంచే లీవరు) అక్కర్లేకుండా చక్కగా స్టార్టయి, ఇంజను వేడెక్కేకొద్దీ మొరాయిస్తుంది.

తర్వాత స్పార్క్ ప్లగ్ చూడాలి. అయితే హైదరాబాద్ అమీర్‌పేట సిగ్నళ్ల మధ్య ఆగుతూ సాగుతూ వచ్చిన బండి ప్లగ్ తీసి చూస్తే, మంచి ఇంజనులో కూడా కొంత మసి కనిపిస్తుంది. దాన్ని బట్టి నిర్ణయానికి రాకూడదు. తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు లాంటి ఖాళీ దారిలో (ప్రధాన రహదారి మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు) యాక్సిలరేటర్‌ను ఒకే స్థాయిలో పట్టి ఒక కిలోమీటరు నడిపి, క్లచ్ పట్టి వెంటనే ఇంజను ఆపేసి, పక్కకు తీసి, చల్లారాక ప్లగ్ విప్పాలి. ప్లగ్ కొన దగ్గరి పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్టు. వేలితో తుడిస్తే పొడిగా అంటుకునే నల్లటి మసి ఉంటే రిచ్. జిడ్డుగా మెరుస్తుంటే ఆయిల్. స్పార్క్ బలహీనంగా ఉన్నా ప్లగ్ ఇలాగే నల్లబడుతుంది కాబట్టి, సరైన గ్యాప్‌తో కొత్త ప్లగ్ వేసి ఈ పరీక్ష చేయడం మంచిది.

యాక్సిలరేటర్ ఏ స్థాయిలో ఉన్నప్పుడు లోపం వస్తోందో గమనిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. హ్యాండిల్ గ్రిప్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. ఐడ్లింగ్‌లోనూ, ఆ కాస్త పైనా స్లో జెట్ (జెట్ అంటే పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్క), ట్యూనింగ్ స్క్రూ పనిచేస్తాయి. పావు నుంచి ముప్పావు వరకు జెట్ నీడిల్, అంటే యాక్సిలరేటర్‌తో పాటు పైకీ కిందికీ కదిలే సూది. ఆపైన మెయిన్ జెట్. అన్ని స్థాయిల్లోనూ రిచ్‌గా ఉంటే జెట్ల జోలికి పోకుండా ఎయిర్ ఫిల్టర్, చోక్, ఫ్లోట్ (కార్బురేటర్ కింది గిన్నెలో తేలుతూ పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే భాగం), ఈ మూడింటినే చూడాలి.

కోకాపేట, గచ్చిబౌలి వైపు నిర్మాణాల దుమ్ములో రోజూ తిరిగే బండికి ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. ఫిల్టర్ తీసి, బండిని నిలిపి ఉంచే ఇంజనును ఒక్క నిమిషం నడపండి. ఇంజను తేటపడితే తప్పు అక్కడే ఉంది. స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించి గట్టిగా పిండాలి. పిండకపోతే ఆ ఆయిలే గాలికి అడ్డుపడుతుంది. పేపర్ ఫిల్టర్ అయితే మార్చడమే. చోక్ కేబుల్ బిగుసుకుని లీవరు పూర్తిగా వెనక్కి రాకపోవడం కూడా తరచుగా కనిపించే లోపం. వేడి ఇంజనులో చోక్ లాగినా ఏ తేడా రాకపోతే చోక్ ముందే ఆన్‌లో ఉండిపోయిందని అనుమానించాలి.

ఈ రెండూ బాగుంటే మిగిలేది ఫ్లోట్. నా ఉద్దేశంలో పాత బళ్లలో ఎక్కువమంది పట్టించుకోని చోటు ఇదే. రాత్రి పెట్రోల్ కాక్ ఆన్‌లోనే ఉంచితే ఉదయానికి ఓవర్‌ఫ్లో పైపు తడిగా ఉండడం, బండి దగ్గర వాసన రావడం మొదటి సూచన. కాక్ మూసి ఇంజనును ఐడ్లింగ్‌లో వదిలేయండి. గిన్నెలో పెట్రోలు తగ్గేకొద్దీ చాలాసేపు నున్నగా నడిచి ఆగితే, మామూలుగా అందులో పెట్రోలు మట్టం మించి ఉంటోందని అర్థం. ఆగిపోయే ముందు కొన్ని క్షణాలు ఆర్‌పీఎం పెరగడం మాత్రం ఏ బండికైనా సహజమే. గిన్నె విప్పాక ఫ్లోట్ వాల్వు కొనను వెలుతురుకు తిప్పి పట్టండి: శంఖాకారపు రబ్బరు మీద చుట్టూ సన్నని గీత పడి ఉంటే, అది సీటు మీద సరిగ్గా కూర్చోవడం లేదు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు కదిలే చప్పుడు వినిపించకూడదు. ఈ పని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎప్పుడూ చేయవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది, కిందనే పేరుకుంటుంది. ఆరుబయట చేయండి.

మధ్య స్థాయిలో మాత్రమే రిచ్‌గా ఉంటే నీడిల్, అది కదిలే నీడిల్ జెట్ అరిగి ఉంటాయి. రెండూ కలిపే మార్చాలి. పై స్థాయిలో అయితే మెయిన్ జెట్ మీది సంఖ్యను సర్వీస్ మాన్యువల్‌తో పోల్చండి. ఇనప తీగతో పొడిచి శుభ్రం చేసిన ఇత్తడి జెట్ రంధ్రం పెద్దదవుతుంది, సంఖ్య సరిగ్గానే ఉన్నా పెట్రోలు ఎక్కువే పోస్తుంది. పుత్లీబౌలి స్పేర్ పార్టుల దుకాణాలకు వెళ్లేటప్పుడు పాత జెట్టును వెంట తీసుకెళ్లి పోల్చి కొనండి.

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉండడం వల్లా, మే నెల ఎండ వల్లా గాలి పల్చబడి మిశ్రమం కొంచెం రిచ్ అయ్యే మాట నిజమే, కానీ ప్లగ్ నల్లబడేంత ప్రభావం వాటికి లేదు. ఈ20 పెట్రోలును (20 శాతం ఇథనాల్ కలిపినది) తప్పుపట్టడం మరీ అన్యాయం: ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమం లీన్ వైపే జరుగుతుంది. అది పాత రబ్బరును మాత్రం ఉబ్బించగలదు.

ఇవన్నీ సరిచేశాకే స్క్రూ ముట్టుకోవాలి. అది ఇంజను వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, బిగిస్తే లీన్ అవుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, వదులు చేస్తే లీన్ అవుతుంది. వేడి ఇంజనులో మాన్యువల్ చెప్పిన చుట్ల దగ్గర మొదలుపెట్టి, పావు చుట్టు చొప్పున తిప్పుతూ ఐడ్లింగ్ నిలకడగా ఉన్న చోట ఆపండి. చివరగా ఇంజన్ ఆయిల్ గేజి తీసి వాసన చూడండి: పెట్రోలు వాసన వస్తున్నా, మట్టం పెరిగి ఉన్నా ఆ ఆయిల్ పల్చబడిపోయింది, దాన్ని మార్చాకే బండిని దూరం తీసుకెళ్లండి.