అంతర్జాతీయ క్రికెట్‌కు ప్రత్యామ్నాయ చరిత్ర రాయడం ఎలా?

చేజారిన క్యాచ్ చేతికి చిక్కి ఉంటే ఏమయ్యేదని ఊహించడం క్రికెట్ అభిమానులందరికీ అలవాటే. అయితే ఆ ఊహ నుంచి పుట్టేది ఒక మ్యాచ్ కథ మాత్రమే. ఏ జట్టు ఏ దేశానికి వెళ్లింది, ఏ మ్యాచ్‌కు టెస్టు హోదా దక్కింది, ఏ ఆటగాడు ఏ దేశపు టోపీ పెట్టుకున్నాడు అన్నవి చాలావరకు మైదానం బయటే తేలిన విషయాలు. కనుక రాజకీయ వైరాలు మలచిన క్రికెట్‌కు మారు చరిత్ర రాయదలచినవారు స్కోరుకార్డు జోలికి వెళ్లకుండా ముందుగా ఒక ప్రభుత్వ నిర్ణయాన్నో, ఒక సభ్యత్వ నిబంధననో మార్చాలి. స్కోర్లు ఆ మార్పు వెంట వాటంతట అవే మారతాయి. హైదరాబాద్ పాఠకులకు దగ్గరగా ఉండే ఒకే ఉదాహరణను చివరిదాకా నడిపిస్తూ ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి అడుగు: మార్చదగిన ఒక్క నిర్ణయాన్ని ఎంచుకోవడం

ఎంచుకునే నిర్ణయం నిజంగానే మరోలా తేలగలిగినదై ఉండాలి, అంటే ఆనాడు దానిపై గట్టి వాదోపవాదాలు నడిచి ఉండాలి. 1962లో వెస్టిండీస్ సమాఖ్య కూలిపోయి జమైకా, ట్రినిడాడ్ వేర్వేరు దేశాలైనప్పుడు క్రికెట్ జట్టు కూడా విడిపోయి ఉంటే అన్నది మంచి ప్రశ్న. 2003 ప్రపంచ కప్పులో న్యూజిలాండ్ భద్రతా కారణాలు చెప్పి నైరోబీకి వెళ్లకపోవడంతో కెన్యాకు ఆడకుండానే పాయింట్లు దక్కాయి. ఆ జట్టు సెమీఫైనల్ చేరడానికి అవి తోడ్పడ్డాయి కాబట్టి అక్కడా ఒక కథ ఉంది.

హైదరాబాదీలు ఈ పనికి కూర్చోగానే మనసు నిజాం వైపు లాగుతుంది. సంస్థానం స్వతంత్రంగా మిగిలి, ఫతే మైదాన్‌లో సొంత టెస్టు జట్టును దించి ఉంటే ఎలా ఉండేదన్న ఊహ ఆకర్షణీయమైనదే. 1934-35లో రంజీ ట్రోఫీ మొదలైనప్పుడు అందులో తొలి శతకం చేసిన ఎస్. ఎం. హాదీ హైదరాబాద్ ఆటగాడే. 1937-38లో ట్రోఫీ కూడా మన జట్టుకే వచ్చింది. అయినా ఈ మలుపును కొత్తగా రాసేవారికి నేను సూచించను. నలువైపులా భారత భూభాగమే ఉన్న రాజ్యానికి పర్యటక జట్లు ఏ రేవు మీదుగా వస్తాయి, లండన్‌లోని అంతర్జాతీయ క్రికెట్ సంస్థలో దాని సభ్యత్వానికి ఎవరు మద్దతిస్తారు అన్న ప్రశ్నల దగ్గరే కథ ఆగిపోతుంది. పైగా 1948 నాటి హింసలో అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాలు ఈ నగరంలో ఇంకా ఉన్నాయి, వారి దుఃఖాన్ని ఒక క్రికెట్ కల్పనకు అలంకారంగా వాడుకోవడం సబబు కాదు.

మన ఉదాహరణకు 1949ని తీసుకుందాం. గణతంత్రంగా మారబోతున్న భారతదేశం బ్రిటన్, దాని పూర్వపు పాలిత దేశాల కూటమి అయిన కామన్వెల్త్‌లో కొనసాగవచ్చని ఆ ఏప్రిల్‌లో లండన్‌లో ఒప్పందం కుదిరింది, మే నెలలో రాజ్యాంగ సభ దానిని ఆమోదించింది. సోషలిస్టులు, కమ్యూనిస్టులు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. అదే ఏప్రిల్‌లో ఐర్లాండ్ గణతంత్రమై కామన్వెల్త్‌ను వదిలి వెళ్లిపోయింది. కాబట్టి రాజ్యాంగ సభ ఆ ఒప్పందాన్ని తిరస్కరించిందని రాస్తే చదువరి నమ్మడానికి తగిన ఆధారం మన చేతిలో ఉంది.

రెండో అడుగు: అసలు నిబంధనలను తేదీలతో సహా పరచుకోవడం

ఊహకు పదును పెట్టేది ఈ దశే కాబట్టి ఇక్కడ తొందరపడకూడదు. 1909లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కలిసి ఏర్పరచిన ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ పేరుకు తగ్గట్టే సామ్రాజ్యపు సంస్థ, కామన్వెల్త్‌ను వదిలిన దేశానికి అందులో చోటు ఉండేది కాదు. భారత్, న్యూజిలాండ్, వెస్టిండీస్ అందులోకి 1926లో వచ్చాయి, పాకిస్తాన్ 1952లో చేరింది. 1961లో కామన్వెల్త్ నుంచి బయటకు వచ్చిన దక్షిణాఫ్రికా ఆ సంస్థలో సభ్యత్వాన్ని కూడా కోల్పోయింది. 1965లో సంస్థ పేరులోని ‘ఇంపీరియల్’ స్థానంలో ‘ఇంటర్నేషనల్’ వచ్చింది, అనుబంధ సభ్యత్వమనే కొత్త తలుపు తెరుచుకుని అమెరికా, సిలోన్, ఫిజీ లోపలికి వచ్చాయి. 1972లో పాకిస్తాన్ కామన్వెల్త్‌ను వదిలినా దాని క్రికెట్ సభ్యత్వానికి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి పాత షరతు పోయింది.

ఈ వరుసను ఒక కాగితం మీద రాసుకుని చూస్తే మన కథకు ఎల్లలు కనిపిస్తాయి. 1950 నుంచి 1965 వరకు భారత్ బయటే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు కూడా అమెరికా, ఫిజీల పక్కన అనుబంధ సభ్యురాలిగా వరుసలో నిలబడవలసి రావచ్చు. ఇంత వింత పరిస్థితిని మన ఊహ సొంతంగా కల్పించలేదు, నిబంధనే దాన్ని అందించింది.

ఆనాటి వాతావరణం తెలియడానికి అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలోనూ, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనూ పాత పత్రికల కోసం వెతకవచ్చు. ఆటల పుటతో పాటు మొదటి పుటను కూడా చదవాలి.

మూడో అడుగు: తలుపు మూసుకున్నాక ఆట ఎలా బతుకుతుందో చూడటం

సభ్యత్వం పోయిన మరునాడే భారత క్రికెట్ ఆగిపోయినట్టు రాయడం ఈ రకపు రచనల్లో తరచూ కనిపించే లోపం. 1961 తర్వాత కూడా ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దక్షిణాఫ్రికాతో ఆడుతూనే వచ్చాయి, ఆ మ్యాచ్‌లు నేటికీ టెస్టులుగానే లెక్కలో ఉన్నాయి. కనుక సభ్యత్వం పోవడం కన్నా ఎవరు స్నేహితులుగా మిగిలారన్నదే ముఖ్యం. బయటి దేశమైన భారత్‌కు అలాంటి స్నేహం ఎవరు చూపుతారో రచయిత తేల్చుకోవాలి.

ఇక్కడ మనకు నిజ చరిత్రే ఒక నమూనా ఇస్తుంది. 1949-50, 1950-51, 1953-54 శీతాకాలాల్లో కామన్వెల్త్ జట్టు పేరుతో వివిధ దేశాల ఆటగాళ్లు భారత్‌కు వచ్చి అనధికార టెస్టులు ఆడారు. వారిలో ఫ్రాంక్ వారెల్ ఒకడు. మన మారు ప్రపంచంలో ఆ జట్టు పేరు మారుతుంది గాని ఆ ఏర్పాటు కొనసాగుతుంది, బహుశా ఏటా జరుగుతుంది. అప్పుడు 1955 నవంబరులో న్యూజిలాండ్‌పై ఫతే మైదాన్‌లో జరిగిన హైదరాబాద్ తొలి టెస్టు ఉండదు. ఆ మ్యాచ్‌లో భారత్‌కు నాయకత్వం వహించిన మన గులాం అహ్మద్ అదే పచ్చికపై ఒక అనధికార జట్టుకు నాయకుడవుతాడు. జనం అప్పుడూ వస్తారనే నా నమ్మకం. రికార్డు పుస్తకం మాత్రం రాదు.

వైరం అసలు రంగు ఇక్కడ తేలుతుంది. కామన్వెల్త్‌లోనే ఉన్న పాకిస్తాన్, భారత్ మద్దతు లేకున్నా లండన్‌లోని ప్రతిష్ఠాత్మక క్లబ్బు ఎం.సి.సి. చలవతో సభ్యత్వం పొంది, ఉపఖండంలో ఏకైక టెస్టు దేశంగా నిలుస్తుంది. 1954లో ఓవల్‌లో ఫజల్ మహమూద్ పన్నెండు వికెట్లతో ఇంగ్లండ్‌ను ఓడించిన రోజున ఆ వార్త ఢిల్లీలో ఎలా వినిపించి ఉంటుందో రాయడానికి ఒక అధ్యాయమే పడుతుంది.

నాలుగో అడుగు: ఖాళీ అయిన కుర్చీ ఎవరికి లాభించిందో వెతకడం

దక్షిణాఫ్రికా సభ్యత్వం పోయాక దానిని తిరిగి చేర్చుకోవాలన్న ప్రయత్నాలకు భారత్, పాకిస్తాన్, వెస్టిండీస్ అడ్డుపడుతూ వచ్చాయి. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మొగ్గు మరోవైపు. ఆ సమావేశం నుంచి భారత్‌ను తొలగించి చూడండి. సామ్రాజ్యపు ఛాయకు నిరసనగా వెళ్లిపోయిన దేశం, 1946లోనే దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకున్న దేశం, తన గైర్హాజరుతో వర్ణవివక్ష ప్రభుత్వానికే మేలు చేసినట్టవుతుంది. మన ఉదాహరణ మొత్తంలో నాకు విలువైనదిగా తోచేది ఈ ఫలితమే. దేశభక్తితో తీసుకున్న నిర్ణయం ప్రత్యర్థికి ఉపయోగపడటమే ఈ కథను అభిమానుల కల నుంచి చరిత్ర వైపు జరుపుతుంది.

అలాగని అన్నీ మారిపోవు. 1968లో ఓవల్‌లో 158 పరుగులు చేసిన, దక్షిణాఫ్రికాలో శ్వేతేతరుడిగా పుట్టి ఇంగ్లండ్‌కు ఆడుతున్న బాసిల్ డోలివేరాను మొదట పక్కనపెట్టి, తర్వాత టామ్ కార్ట్‌రైట్ తప్పుకోవడంతో జట్టులోకి తీసుకోవడం, దానిని దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్ ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో పర్యటన రద్దు కావడం ఇంగ్లండ్‌కూ దక్షిణాఫ్రికాకూ మధ్య నడిచిన వ్యవహారం. భారత్ ఓటు ఉన్నా లేకున్నా ఆ సంక్షోభం వస్తుంది. మారనివాటి జాబితాను కూడా పక్కన పెట్టుకున్నవారి రచన అదుపులో ఉంటుంది.

ఐదో అడుగు: మనుషులను వారి దారిలో నడవనివ్వడం

వ్యవస్థ మారితే మనుషుల ఎంపికలు ఎలా మారతాయో చూపడానికి ఇద్దరు హైదరాబాదీలు చాలు. 1939లో ఇక్కడ పుట్టిన అబ్బాస్ అలీ బేగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా, 1959లో ఇంగ్లండ్‌లో పర్యటిస్తున్న భారత జట్టుకు పిలుపు అందుకుని మాంచెస్టర్‌లో తొలి టెస్టులోనే శతకం చేశాడు. మన కథలో ఆ పర్యటనే లేదు. పెద్ద పటౌడీ నవాబు 1932-33లో ఇంగ్లండ్ తరఫున ఆడి సిడ్నీలో శతకం చేసిన దారి మాత్రం తెరిచే ఉంది, కాబట్టి బేగ్ ఇంగ్లండ్ టోపీ పెట్టుకుంటాడా లేక ఫతే మైదాన్‌కు తిరిగి వస్తాడా అన్నది రచయిత న్యాయంగా తూచవలసిన ప్రశ్న.

గులాం అహ్మద్ మేనల్లుడు ఆసిఫ్ ఇక్బాల్ హైదరాబాద్ తరఫున ఆడి, 1961లో పాకిస్తాన్‌కు వెళ్లి, 1979-80లో ఆ దేశపు కెప్టెన్‌గా భారత్‌కు తిరిగి వచ్చాడు. టెస్టులు సరిహద్దు అవతలే ఉన్న ప్రపంచంలో అలాంటి ప్రయాణాలు పెరుగుతాయని వెంటనే అనిపిస్తుంది. అయితే 1952 అక్టోబరు నుంచి రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, వీసా పద్ధతి ఉంది, కుటుంబాలను వదిలి వెళ్లడం ఎవరికీ తేలిక కాదు. వలసను వరదగా చూపకుండా ఒకరిద్దరికే పరిమితం చేయడం మంచిది. పేరున్న వ్యక్తుల నోట వారు అనని మాటలు పెట్టకూడదు. పుకార్లకు, అవమానాలకు కల్పిత పాత్రలనే సృష్టించుకోవాలి.

మలుపు తర్వాత పుట్టినవారి సంగతి ఏమిటన్న వాదం ఎప్పుడూ ఉండేదే. 1949కి బడిపిల్లలైనవారిని ఉంచి, 1963లో పుట్టిన అజారుద్దీన్ వంటివారిని వదిలేయడం నా పద్ధతి. అభిమానులకు ఇది కష్టంగా ఉంటుందని తెలుసు.

ఆరో అడుగు: అంకెలను చివరగా వేయడం

నిజ జీవితపు స్కోరు మారు ప్రపంచంలో యథాతథంగా కనిపిస్తే రచన నమ్మదగనిదవుతుంది. 1955లో ఫతే మైదాన్‌లో పాలీ ఉమ్రీగర్ చేసిన 223 భారత్ తరఫున టెస్టుల్లో తొలి ద్విశతకం. మన ప్రపంచంలో ప్రత్యర్థి వేరు, బౌలర్లు వేరు, కాబట్టి ఆ అంకె తిరిగి రాకూడదు. ఆటగాడి అసలు సగటుకు దగ్గరగా ఉండే స్కోర్లు వేసి, అందరినీ వీరులను చేయాలన్న కోరికను అణచుకోవాలి. ఓటములు కూడా రాయాలి. ఒకటి రెండు స్కోరుకార్డులు చాలు, అంతకు మించితే చదువరి పుట తిప్పేస్తాడు.

ఏడో అడుగు: కల్పన అని ముద్ర వేయడం

క్రికెట్, రాజకీయం కలిసిన రాత మన దేశంలో వాట్సాప్ గుంపుల్లో ఎంత వేగంగా తిరుగుతుందో అందరికీ తెలుసు. శీర్షిక పోయి, రచయిత పేరు పోయి, మధ్యలోని ఒక పేరా మాత్రమే మిగిలి నిజమైన వార్తగా చేతులు మారవచ్చు. కనుక మొదటి పుటలో ఒకసారి ‘కల్పన’ అని రాసి ఊరుకోకుండా, ప్రతి అధ్యాయం చివర నిజ చరిత్ర ఎక్కడ ముగిసిందో ఒక్క వాక్యంలో చెప్పాలి. మన ఉదాహరణకు ఆ వాక్యం ఇలా ఉండవచ్చు: ‘1949 మేలో రాజ్యాంగ సభ కామన్వెల్త్ ఒప్పందాన్ని ఆమోదించింది, దాని తర్వాత ఈ అధ్యాయంలో చెప్పినవన్నీ కల్పితాలు.’