కాగితం మోడల్‌కు స్ప్రే కోటింగ్ ఎలా వేయాలి?

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయమో, నాగార్జునసాగర్ డ్యామో, ప్రింట్ తీసి, కత్తిరించి, మడిచి, అతికించి కట్టిన మోడల్ ఏదైనా సరే, ఎక్కువగా ఖరాబయ్యేది ఆఖర్న, స్ప్రే కొట్టే అయిదు నిమిషాల్లోనే. రంగులు పాకుతాయి, కాగితం నూనె పడినట్టు మచ్చలు తేలుతుంది, నల్లటి చోట బూడిద రాసినట్టు తెల్లటి పొర కడుతుంది. మొదటి రెండూ చేతి తప్పు, మూడోది వాతావరణం చూసుకోకపోవడం వల్ల వచ్చేది. డబ్బా మంచిది కాదని షాపువాణ్ని తిట్టి లాభం లేదు.

ఒక మాట ముందే. కోటింగ్ వేస్తే మోడల్ వాటర్‌ప్రూఫ్ అయిపోదు. చేతి చెమటకు, గాలిలో తేమకు, దుమ్ముకు ఆగుతుంది, రంగు గీసుకుపోకుండా ఉంటుంది, అంతే. కోసిన అంచుల్లోంచి, కింద అడుగులోంచి నీళ్లు లోపలికి పోతూనే ఉంటాయి.

కావలసినవి

క్లియర్ యాక్రిలిక్ స్ప్రే రెండు డబ్బాలు, ఒకటి గ్లాస్ (gloss, మెరిసేది), ఒకటి మ్యాట్ (మెరుపు లేనిది). పెయింట్ షాపుల్లో, బండ్లకు రంగులు వేసే సామాను అమ్మే షాపుల్లో క్లియర్ లాకర్ (lacquer, రంగులేని పూత) అంటే ఇస్తారు. పెన్సిల్, బొగ్గు బొమ్మలకు కొట్టే ఫిక్సాటివ్ వేరు. అది పలచగా పట్టుకుంటుంది కానీ పొర కట్టదు. మొదటి కోటుకు పనికొస్తుంది, ఆఖరి కోటుకు పనికిరాదు. వీటితోపాటు ఒక పెద్ద అట్టపెట్టె, 400 నంబర్ ఎమరీ పేపర్, మోడల్‌ను గుచ్చి పట్టుకోవడానికి పుల్లలు ఉంటే చాలు. కాగితం 180 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) ఉండాలి. 80 జీఎస్ఎం జిరాక్స్ కాగితం మీద కోటింగ్ గురించి మాట్లాడుకోవడమే దండగ, స్ప్రే ఇటు కొడితే అటు తేలుతుంది.

మీ ప్రింట్ ఏ రకం?

ప్రింట్ అంచున మిగిలిన రంగు ముక్క మీద తడి వేలు రాయండి. రంగు వేలికి అంటితే అది డై ఇంకు, అంటే నీళ్లలో కరిగే రంగు. ఇళ్లలో వాడే ఇంకు ట్యాంకు ప్రింటర్లలో నలుపు ఒక్కటి పిగ్మెంట్ (నీళ్లలో కరగని సన్నటి రంగు పొడి), మిగతా రంగులన్నీ డై ఉండేవి చాలా ఉన్నాయి. అందుకే నలుపు ఒక్కదాన్నే పరీక్షించి ఊరుకోవద్దు, ఎరుపు, నీలం కూడా చూడాలి. జిరాక్స్ సెంటర్లో తీయించిన లేజర్ ప్రింట్ నీళ్లకు కారదు. కానీ దాని టోనర్ ప్లాస్టిక్ పొడి. మడత దగ్గర పగిలి తెల్లగీత పడుతుంది, తడిసేలా స్ప్రే కొడితే మెత్తబడి జిగురుగా అవుతుంది. మోడళ్లకు ఇంక్‌జెట్టే మేలు, మడత శుభ్రంగా వస్తుంది. ప్రింట్ తీశాక ఒక రోజంతా ఆరనివ్వాలి, వానకాలంలో రెండు రోజులు. ముట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది గానీ ఇంకులో తొందరగా ఆరని ద్రవాలుంటాయి, వాటి మీద కోటు వేస్తే లోపలే చిక్కుతాయి.

వాతావరణం

స్ప్రేలోని సాల్వెంట్ (లాకర్‌ను కరిగించి ఉంచే ద్రవం) ఆవిరయ్యేటప్పుడు కాగితం పైభాగాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ చల్లదనానికి అది పొర మీద చేరి తెల్లగా తేలుతుంది. వానకాలంలో వాన వెలిసిన వెంటనే కొట్టకూడదు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య పొడిగా ఉన్న రోజు చూసుకోవాలి. చలికాలంలో మంచు పూర్తిగా విడిచాక, పది దాటాకే. మన నల్లగొండ, పాలమూరు ఎండకాలంలో కథ తిరగబడుతుంది. మిట్టమధ్యాహ్నం కొడితే తుంపర కాగితం చేరకముందే గాలిలోనే ఆరిపోయి, ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. పొద్దున ఏడు, తొమ్మిది మధ్య కానివ్వాలి. ఇంట్లో కూలర్ నడుస్తుంటే ఆ గదిలోనూ, పక్క గదిలోనూ వద్దు. కూలర్ చేసే పనే గాలికి తేమ పట్టించడం. బయట ఎంత ఎండ ఉన్నా లోపల తెల్లపొర వచ్చేది అందుకే.

మిద్దె మీద, నీడలో, అట్టపెట్టెను పక్కకు పడుకోబెట్టి, దాని నోరు గాలి వచ్చే వైపు కాకుండా చూసుకుని అందులో పెట్టి కొట్టండి. డబ్బాలోని గ్యాస్ అంటుకునేది, కాబట్టి పొయ్యి, అగరుబత్తి, బీడీ ఏవీ దగ్గర ఉండొద్దు. బట్ట మాస్కు తుంపరను కొంత ఆపుతుందేమో గానీ సాల్వెంట్ ఆవిరిని ఆపదు. ఆవిరి మొహం మీదకు వచ్చే వైపు నిలబడకుండా ఉండటమే ముఖ్యం, తలనొప్పి మొదలైతే ఆపేయండి.

అతికించక ముందే మొదటి కోటు

చాలామంది మోడల్ మొత్తం కట్టాక కొడతారు. అది తప్పు పద్ధతి. కట్టేటప్పుడే కదా చేతి చెమట, జిగురు ఎక్కువగా తగిలేది. షీటుగా ఉన్నప్పుడే మొదటి రెండు కోట్లు వేస్తే కత్తిరించాక అంచులకు రంగు పూసేటప్పుడు పైకి పాకిన రంగును తడిబట్టతో తుడిచేయొచ్చు. షీటు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కోటు సమంగా పడుతుంది, మూలల్లో నిలవదు.

ఇందులో చిక్కు ఒకటే. అతికించే రెక్కల మీద కోటు పడితే తెల్ల జిగురు పట్టదు. టేపు వేసి కాపాడాలని చూస్తే తీసేటప్పుడు కాగితం పొర లేస్తుంది. కోటు పడనిచ్చి, ఆరాక ఎమరీ పేపర్‌తో రెక్కల్ని రెండు సార్లు తేలిగ్గా రుద్దండి. మెరుపు పోయి కాగితం గరుకు కనపడితే జిగురు పడుతుంది.

ఇక అసలు పని, తొందరపడకూడనిది ఇక్కడే. మొదటి కోటు కంటికి కనపడకూడదు. వేసినట్టు తెలియకపోతేనే సరిగా వేసినట్టు. డై ఇంకు సాల్వెంట్‌లో ఎక్కువసేపు తడిసి ఉంటే కదులుతుంది, పలచటి తుంపర అయితే తగిలిన క్షణాల్లోనే ఆరి రంగును ఉన్నచోటే బిగిస్తుంది. ఆ తర్వాత వచ్చే కోట్లకు అదే కాపలా.

డబ్బాను పూర్తి రెండు నిమిషాలు ఊపాలి, లోపల గోలీ చప్పుడు మొదలయ్యాక లెక్క. షీటుకు 30 సెంటీమీటర్ల దూరం, అంటే ఒక స్కేలు దూరం. బటన్ నొక్కేది షీటు బయట, వదిలేది కూడా షీటు బయటే. నొక్కగానే వచ్చే మొదటి తుంపరలో పెద్ద చుక్కలుంటాయి, అవి గోపురం మీద పడితే ఇక మాసిపోవు. చెయ్యి ఆగకూడదు. మణికట్టు తిప్పితే మధ్యలో దగ్గర, చివర్లో దూరం అవుతుంది, అందుకని మోచెయ్యి, భుజం కలిపి చెయ్యి మొత్తం జరపాలి. ఏ ఫోర్ షీటు ఒక వైపు నుంచి మరో వైపుకు ఒక సెకనులో దాటాలి. ఒక్క గీతకు ఒక్కసారే. ఖాళీ కనపడిందని అక్కడికక్కడ మళ్లీ కొట్టొద్దు, ఆ ఖాళీని తర్వాతి కోటు చూసుకుంటుంది.

కొట్టాక షీటును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. అక్కడక్కడా సన్నటి చుక్కలు మెరిసి మాయమైతే బాగుంది. మొత్తం తడిగా, నిగనిగలాడుతూ కనపడితే ఎక్కువైంది. దాన్ని ముట్టుకోకుండా, నిలబెట్టకుండా అలాగే బల్లపరుపుగా ఆరనివ్వాలి, నిలబెడితే కారుతుంది. కాగితం వెనక వైపు ముదురు మచ్చ కనపడిందంటే లోపలిదాకా ఇంకింది. ఆరాక అది కొంత తగ్గొచ్చు గానీ పూర్తిగా పోతుందని నమ్మొద్దు, ఆ ముక్క మళ్లీ ప్రింట్ తీయడమే మంచిది. అసలు షీటు మీదకు పోయేముందు అదే ప్రింట్ అంచు ముక్క మీద ఒకసారి కొట్టి చూడడం ప్రతిసారీ చేయాలి. డబ్బా కొత్తదైనా, కాగితం కొత్తదైనా, ఇంకు మార్చినా ఫలితం మారుతుంది.

పది, పదిహేను నిమిషాలాగి రెండో కోటు, ఈసారి మొదటిదానికి అడ్డంగా. మొదటిది నిలువుగా కొడితే ఇది పడుకోబెట్టినట్టు. ఇదీ పలచగానే.

కట్టాక

మడత గీతలు స్ప్రే ఆరాకే గీయాలి. ముందే గీస్తే గాడిలో లాకర్ చేరి మడిచేటప్పుడు పగులుతుంది. మోడల్ కట్టి జిగురు ఒక రాత్రి ఆరాక, పుల్ల మీద తిప్పుతూ గ్లాస్ రెండు పలచటి కోట్లు, ఆ పైన మ్యాట్ ఒక్కటే కోటు. మ్యాట్‌లో మెరుపు చంపే సన్నటి పొడి ఉంటుంది. దాన్నే నాలుగుసార్లు కొడితే పొడి పేరుకుని ముదురు రంగులు మసకబారతాయి. బలం గ్లాస్‌తో, రూపం మ్యాట్‌తో. పానగల్లు గుడి రాతి బూడిద రంగు మ్యాట్‌లోనే రాయిలా కనపడుతుంది, మెరిస్తే ప్లాస్టిక్ బొమ్మే. సాగర్ మోడల్‌లో గోడకూ 26 గేట్లకూ మ్యాట్, ముందున్న నీళ్లను మాత్రం గ్లాస్‌గానే ఉంచేయండి.

ఫెవికాల్‌లో నీళ్లు కలిపి పూస్తే సరిపోతుందని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. డై ఇంకు మీద అది పూసీ పూయగానే రంగు కారుతుంది, కాగితం వంకర పోతుంది, ఆరిన పొర కూడా తేమకు మళ్లీ తెల్లబడి అంటుకుంటుంది. చెక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. లామినేషన్ చేసిన షీటు శుభ్రంగా మడవడానికి రాదు, జిగురూ పట్టదు. నీటి ఆధారిత యాక్రిలిక్ వార్నిష్ మంచిదే, కానీ స్ప్రే బిగిశాకే బ్రష్‌తో పూయాలి. ఏ కోటింగైనా ఎండకు రంగు వెలవడాన్ని ఆపదు. యూవీ కిరణాలను అడ్డుకునే రకం కొంత నిదానింపజేస్తుంది, అయినా కిటికీ ఎండ పడేచోట మోడల్ పెట్టకూడదు.

తెల్లపొర వచ్చేస్తే బెంగపడక్కర్లేదు. పొడి రోజు చూసి దాని మీద గ్లాస్ ఒక పలచటి కోటు కొడితే పాత పొర కాస్త కరిగి తేమ బయటికి పోతుంది, తెలుపు చాలావరకు పోతుంది. తర్వాత మళ్లీ మ్యాట్. గరుకుగా పడిన చోటికి మాత్రం ఇది చాలదు, ఎమరీ పేపర్‌తో బొటనవేలి బరువు కూడా మోపకుండా రుద్ది, దుమ్ము దులిపి, అప్పుడు కొట్టాలి.

24 గంటలు దాటేదాకా గాజు పెట్టెలో పెట్టి మూయకండి. పని అయ్యాక డబ్బాను తలకిందులు చేసి, ఉట్టి గ్యాస్ వచ్చేదాకా నొక్కితే నాజిల్ మూసుకుపోదు. డబ్బా మీద 50 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటుంది, మే నెలలో ఎండలో ఆపిన కారు లోపలి వేడి దాన్ని సులువుగా దాటుతుంది. మిద్దె మీదే మరిచిపోకుండా ఇంట్లో నీడకు, వంటగదికి దూరంగా పెట్టండి. మోడల్ మీద దుమ్ము పడితే మెత్తటి పొడి బ్రష్‌తోనే దులపాలి, తడిబట్ట వద్దు.