గ్యాస్ బండ, పైపు గ్యాస్, కరెంటు: మూడింటినీ ఒకే లెక్కలోకి తేవడం ఎలా?

మా అపార్టుమెంటుకు పైపు గ్యాస్ వచ్చిన కొత్తలో లిఫ్టు దగ్గర రోజూ ఒకటే చర్చ: బండ చవకా, పైపు చవకా, లేక ఇండక్షన్ స్టవ్వా? బండ కేజీల్లో, పైపు గ్యాస్ ఘనపు మీటర్లలో, కరెంటు యూనిట్లలో వస్తాయి. వాటి ధరలను అలాగే పక్కపక్కన పెడితే కేజీ బియ్యాన్ని, మూర మల్లెపూలను పోల్చినట్టే. మనం కొనేది వేడి, కాబట్టి లెక్క కూడా వేడిలోనే వేయాలి.

1. ముందు ఒక కొలత ఎంచుకోండి

లీటరు నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి పట్టే వేడి సుమారు ఒక కిలో కేలరీ. డైట్ చార్టుల్లో ఉత్త 'కేలరీ' అని రాసేది కూడా దీన్నే. బడి పుస్తకాల్లో జౌల్, అంతర్జాతీయ గ్యాస్ ధరల్లో బీటీయూ (బ్రిటిష్ థర్మల్ యూనిట్) కనిపిస్తాయి. నా మటుకు నాకు కరెంటు బిల్లు మీది యూనిట్టే సులువు. వెయ్యి వాట్ల హీటరు గంట సేపు తినేది ఒక యూనిట్.

1 యూనిట్ = 3.6 మెగాజౌళ్లు = సుమారు 860 కిలో కేలరీలు
1 కిలో కేలరీ = సుమారు 4.18 కిలోజౌళ్లు
10 లక్షల బీటీయూలు = సుమారు 293 యూనిట్లు

బకెట్ నీళ్లతో సరిచూడండి. 20 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 45కి తేవాలంటే 20 × 20 = 400 కిలో కేలరీలు, అంటే అర యూనిట్ కంటే కాస్త తక్కువ.

2. ఇంధనాన్ని వేడిలోకి మార్చండి

ప్రతి ఇంధనానికీ ఒక కెలోరిఫిక్ విలువ ఉంటుంది: కేజీకో, లీటరుకో, ఘనపు మీటరుకో ఎంత వేడి ఇస్తుందన్నది. ఎల్పీజీకి కేజీకి సుమారు 11,000 కిలో కేలరీలు. ఇంట్లో వాడే బండలో గ్యాస్ 14.2 కేజీలు.

14.2 × 11,000 = 1,56,200 కిలో కేలరీలు
1,56,200 ÷ 860 = సుమారు 181 యూనిట్లు

పైపు గ్యాస్ ఘనపు మీటరుకు 8,500 కిలో కేలరీలు అనుకుందాం. అప్పుడు ఒక బండ దాదాపు 18 ఘనపు మీటర్లకు సమానం. లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది, పెట్రోలులో 9కి కొంచెం తక్కువ.

ఇక్కడ రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, కెలోరిఫిక్ విలువలో స్థూల, నికర అని రెండు రకాలున్నాయి. ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి కొంత వేడిని వెంట తీసుకుపోతుంది. దాన్ని కలిపితే స్థూల విలువ, తీసేస్తే నికర విలువ. సహజ వాయువులో (పైపులో వచ్చేది ఇదే) ఈ తేడా పది శాతం దాకా ఉంటుంది. నేను పైన వాడినవి నికర విలువలు. బండకు ఒకటి, పైపుకు ఇంకొకటి తీసుకుంటే మొత్తం లెక్క వృథా.

రెండోది, గ్యాస్ వేడికి వ్యాకోచిస్తుంది. 15 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరున్న గ్యాస్, అదే పీడనంలో 40 డిగ్రీల ఎండకు దాదాపు 1.09 ఘనపు మీటర్లు అవుతుంది. లోపలి గ్యాస్ మాత్రం అంతే. అందుకే మన దేశంలో గ్యాస్ లెక్కలు 15 డిగ్రీల ప్రామాణిక ఘనపు మీటర్లలో వేస్తారు.

3. గిన్నెకు చేరిన వేడే లెక్క

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. గ్యాస్ మంటలో చాలా వేడి గిన్నె పక్కల నుంచి వంటగదిలోకి పోతుంది. మామూలు స్టవ్వుకు 65 శాతం, ఇండక్షన్‌కు 85 శాతం అనుకుంటే:

181 × 0.65 = సుమారు 118 యూనిట్లు గిన్నెకు చేరతాయి
118 ÷ 0.85 = సుమారు 139 యూనిట్ల కరెంటు కావాలి

బండ ధరను 139తో భాగించండి. ఉదాహరణకు బండ 900 రూపాయలైతే యూనిట్ 6 రూపాయల 47 పైసలు. కరెంటు అంతకంటే తక్కువకు దొరికితేనే ఇండక్షన్ లాభం. కానీ బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు తీయకండి. ఇండక్షన్ వల్ల పెరిగే యూనిట్లు మీ పై స్లాబులో పడతాయి. ఆ స్లాబు రేటుతోనే పోల్చాలి.

4. మీ స్టవ్వును మీరే పరీక్షించండి

65 శాతం నా అంచనా. పైపు గ్యాస్ ఉన్నవాళ్లు నిజం కనుక్కోవచ్చు. మిగతా బర్నర్లు ఆపి, మీటరు రీడింగ్ దశాంశాలతో సహా రాసుకోండి. 30 డిగ్రీల నీళ్లు 5 లీటర్లు మూత పెట్టి, మరిగేదాకా కాచి, మళ్లీ చూడండి. నీటికి పట్టింది 350 కిలో కేలరీలు. మీటరు 0.065 ఘనపు మీటర్లు తిరిగితే మీ స్టవ్వు 63 శాతం పనిచేస్తున్నట్టు. 0.080 తిరిగితే 51 శాతమే. బర్నరు రంధ్రాలు పూడుకుపోయాయేమో చూడండి. మొదటిసారి మా ఇంట్లో అదే తేలింది, మొన్న పొంగిన పాలు ఇంకా అక్కడే ఉన్నాయి.